సఫారీ చొక్కా కింద పిస్టల్: తూటా తూటాకూ లెక్క

మా మానుకోటల ఏదన్నా పెండ్లికి పెద్ద లీడర్ వచ్చిండంటే జనం మొదలు చూసేది లీడర్‌ని కాదు, ఆయన వెనకాల నిలబడ్డ గన్‌మెన్‌ని. సఫారీ చొక్కా కింద, కుడి నడుము దగ్గర కొంచెం ఉబ్బెత్తుగా కనిపించే చోటుని. "అన్నకు టూ ప్లస్ టూ ఇచ్చిండ్రట" అని ఒకాయన అంటాడు. "నీకు తెల్వదు, ఫోర్ ప్లస్ ఫోర్" అని పక్కాయన సరిచేస్తాడు. మన దిక్కు గన్‌మెన్ల లెక్క తెలిస్తే లీడర్ రేంజ్ తెలిసినట్టే.

మరి ఆ ఉబ్బు కింద ఉన్నదేంటి? ఈ వారం మన ముచ్చట దాని గురించే. దాని పేరు కాంపాక్ట్ పిస్టల్. బీజీఎంఐ ఆడినోళ్లకు పీ18సీ గుర్తుండే ఉంటుంది. అది ఆస్ట్రియా కంపెనీ గ్లాక్ తయారుచేసిన ఒక పిస్టల్‌ని చూసి గీసిన బొమ్మ. సినిమాల్లో హీరో చేతిలో కనిపించేవాటిలో సగం అదే బాపతు. రీల్స్ సంగతి చెప్పనక్కర్లేదు. స్లో మోషన్‌లో చొక్కా పైకి లేపి నడుము చూపించే రీల్ మీ ఫీడ్‌లో ఒక్కటన్నా వచ్చే ఉంటుంది.

మా అక్క కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. బొమ్మ పిస్టల్‌తో అలాంటి రీల్ ఒకటి వాడూ పెట్టాడు. రెండ్రోజులకు ఎవరో తెలియని అకౌంట్ నుంచి మెసేజ్ వచ్చింది, "ఒరిజినల్ కావాల్నా బ్రో" అని. వాడు ఆ మెసేజ్ నాకు చూపించి అడిగిన మొదటి ప్రశ్న: "మామా, గ్లాక్ 19 రేటెంత ఉంటది?"

రేటు సంగతి తర్వాత చెప్తానన్నాను. ముందు అదేంటో తెలుసుకుందాం రమ్మన్నాను. మీరూ రండి.

కర్టెన్ రాడ్లు చేసే ఆయన చేసిన పిస్టల్

గాస్టన్ గ్లాక్‌ది ఆస్ట్రియా. కర్టెన్ రాడ్లు, సైన్యానికి కత్తులు, మడతపెట్టే పారల్లాంటివి తయారుచేసేవాడు. పిస్టల్ అన్నది ఆయన అంతకుముందు ఎప్పుడూ తయారుచేయలేదు. 1980ల మొదట్లో ఆస్ట్రియా సైన్యం కొత్త పిస్టల్ కావాలని అడిగింది. అప్పటికి గ్లాక్ వయసు యాభై దాటింది. తెలిసినవాళ్లను కూర్చోబెట్టి, మీకు ఎలాంటి పిస్టల్ కావాలని అడిగి, మొదటి నుంచి కొత్తగా గీసుకున్నాడు. 1982లో సైన్యం ఆయన పిస్టల్‌నే ఎంచుకుంది. అది ఆయన పదిహేడో పేటెంట్. అందుకే పేరు గ్లాక్ 17.

కొత్తదనం ఎక్కడుందంటే, పట్టుకునే భాగం, అంటే ఫ్రేమ్ మొత్తం ప్లాస్టిక్. మామూలు ప్లాస్టిక్ కాదు, నైలాన్ జాతి గట్టి పాలిమర్. పైన ముందుకూ వెనక్కూ కదిలే స్లైడ్, లోపలి బ్యారెల్ మాత్రం ఉక్కువే. దాంతో బరువు తగ్గింది, తుప్పు బెడద తగ్గింది, తయారీ తేలికైంది.

ప్లాస్టిక్ గన్ అనగానే అప్పట్లో అమెరికాలో పెద్ద గోల లేచింది. విమానాశ్రయం ఎక్స్‌రేలో కనిపించదంట అని పుకారు. 1990లో వచ్చిన డై హార్డ్ 2 సినిమా ఆ పుకారుకు ఇంకాస్త గాలి కొట్టింది. అందులో పింగాణీతో చేసిన గ్లాక్ 7 అనే పిస్టల్ గురించి హీరో చెప్తాడు. అలాంటి పిస్టల్ అసలు లేనే లేదు. నిజం గ్లాక్‌లో ఉక్కు బరువే ఎక్కువ. ఏ ఎక్స్‌రేలో పెట్టినా శుభ్రంగా కనిపిస్తుంది.

గ్లాక్ 17 పెద్ద సైజు. బెల్టుకు బయట వేలాడేసుకునే సైనికుడికి బాగుంటుంది. మఫ్టీలో తిరిగేవాళ్లకు, వీఐపీ పక్కన నిలబడేవాళ్లకు అది చొక్కా కింద దాగదు. వాళ్ల కోసం 1988లో గ్లాక్ 19 వచ్చింది. బ్యారెల్ 114 మి.మీ. నుంచి 102కి తగ్గింది. పట్టు కూడా ఒక సెంటీమీటర్ పైచిలుకు పొట్టిగా అయింది. తూటాలు 17 నుంచి 15 అయ్యాయి. తూటాలు లేకుండా బరువు దాదాపు 600 గ్రాములు.

తగ్గింది ఒక వేలు మందమే కదా అనిపిస్తుంది. కానీ నడుము దగ్గర పెట్టుకున్నప్పుడు చొక్కాను ఎత్తి చూపించేది పిడి అంచే. అది పొట్టిగా అయితే ఉబ్బు తగ్గుతుంది. కాంపాక్ట్ అనే మాటకు అర్థం ఇంతే: పెద్ద పిస్టల్ చేసే పని దాదాపుగా చేయాలి, చొక్కా కింద కనిపించకుండా ఉండాలి.

మన దేశంలో పోలీసుల దగ్గర ఎక్కువగా చూసే పాత 9 ఎంఎం పిస్టల్‌తో పోల్చండి. దాని పేరు పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ. పశ్చిమ బెంగాల్ ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. దానికి మూలం 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్. మొత్తం ఉక్కుతో, దాదాపు కిలో బరువు. మ్యాగజైన్‌లో 13 తూటాలు. రోజుకు పన్నెండు గంటలు ఒక పక్క నడుముకు కిలో రాయి కట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ట్రిగ్గర్ నొక్కితే లోపల ఏమవుతుంది?

సెమీ ఆటోమేటిక్ అంటే చాలామంది "నొక్కి పట్టుకుంటే దడదడ పేలుతది" అనుకుంటారు. కాదు. ఒకసారి నొక్కితే ఒకటే తూటా. రెండోది పేలాలంటే వేలు వదిలి మళ్లీ నొక్కాలి. "సగం ఆటోమేటిక్" అన్న పేరు ఎందుకంటే, కాల్చే పని మనిషిది, తర్వాతి తూటాను సిద్ధం చేసే పని పిస్టల్‌ది.

తూటా వెనక భాగంలో చిన్న మందు బిళ్ల ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి సూది వెళ్లి దాన్ని పొడుస్తుంది. మందు అంటుకుంటుంది, గ్యాస్ పుడుతుంది, తూటా ముందుకు దూసుకుపోతుంది. అదే దెబ్బకు పైనున్న స్లైడ్ వెనక్కి జరుగుతుంది. జరుగుతూ ఖాళీ షెల్‌ని బయటికి విసిరేస్తుంది. ఇంతలో స్ప్రింగ్ దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది. వచ్చేటప్పుడు కింద మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను తోసుకుంటూ వచ్చి చాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక గదిలో కూర్చోబెడుతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది.

ఇక్కడ ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా పర్లేదు. మ్యాగజైన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు. చాంబర్‌లో ఒక తూటా కూర్చుని ఉండొచ్చు. అది బయటికి కనిపించదు. "మ్యాగజైన్ తీసిన గదా, ఏం గాదు" అనుకుని ట్రిగ్గర్ నొక్కి ప్రాణాలు తీసినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లలో తుపాకీ కొత్త కానివాళ్లు కూడా ఉన్నారు.

గ్లాక్‌లో ఇంకో మెలిక ఉంది. తుడవడానికి విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. చాంబర్ ఖాళీ అని కళ్లతో చూసుకున్నాకే ఆ పని చేయాలి. చూడకుండా నొక్కినవాళ్ల గోడలకు, కాళ్లకు చిల్లులు పడ్డాయి.

సేఫ్టీ బటన్ ఎక్కడుంది?

సినిమాలో విలన్ వైపు గురిపెట్టిన హీరోయిన్‌తో విలన్ నవ్వుతూ అంటుంటాడు, సేఫ్టీ తీయలేదని. ఆ సీన్‌లో గ్లాక్ ఉంటే విలన్ పని అయిపోయినట్టే. ఎందుకంటే గ్లాక్‌కు పక్కన వేసి తీసే సేఫ్టీ మీట ఉండదు.

దాని బదులు లోపల మూడు అడ్డులు ఉంటాయి. మొదటిది ట్రిగ్గర్ మధ్యలో ఉండే చిన్న నాలుక. వేలు సరిగ్గా దాని మీద పడితేనే ట్రిగ్గర్ కదులుతుంది. రెండోది సూదికి అడ్డంగా ఉండే చిన్న ఉక్కు ముక్క. మూడోది కింద పడ్డప్పుడు ఆ అదురుకు సూది జారకుండా పట్టి ఉంచేది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే మూడూ వరుసగా తప్పుకుంటాయి. వదిలేస్తే మళ్లీ వచ్చి అడ్డంగా కూర్చుంటాయి.

ఇందులో మంచి ఉంది. ఆపదలో మీట వెతుక్కునే పని లేదు. చెడు కూడా అక్కడే ఉంది. ఆ మూడు అడ్డులూ పిస్టల్ కింద పడితే కాపాడతాయి, గోడకు తగిలితే కాపాడతాయి. ట్రిగ్గర్ మీద వేలు పడితే మాత్రం ఏదీ కాపాడదు. ఆ వేలు శిక్షణ పొందిన పోలీసుదా, బీరువా తెరిచిన ఆరేళ్ల పిల్లాడిదా అన్నది పిస్టల్‌కు తెలియదు. నడుముకు ఊరికే దోపుకుంటే చొక్కా అంచు ఇరుక్కుని కూడా ట్రిగ్గర్ కదలొచ్చు. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు ట్రిగ్గర్‌ని పూర్తిగా మూసే గట్టి హోల్‌స్టర్ లేకుండా దాన్ని మోయరు. రీల్స్‌లో ప్యాంటులో దోపుకున్న స్టయిల్ చూసినప్పుడు ఈ మాట గుర్తుచేసుకోండి. అక్కడ గురి ఎటువైపు ఉందో కూడా ఒకసారి ఆలోచించండి.

ఒక్క పిస్టల్‌కు ఇన్ని పేర్లా?

ఫోన్లలో ప్లస్, ప్రో, మినీ ఉన్నట్టే ఇందులోనూ ఉన్నాయి. గ్లాక్ 17 పెద్దన్న, 19 నడిపోడు, 26 చిన్నోడు. 26కు బ్యారెల్ 87 మి.మీ., తూటాలు 10. ఎంత చిన్నగా చేస్తే అంత బాగా దాగుతుంది. కానీ దెబ్బ చేతికి ఎక్కువ తగులుతుంది, గురిచూసే దూరం పొట్టిగా అయ్యి గురి కష్టమవుతుంది. 2015లో వచ్చిన 43 ఇంకా సన్నం. అందులో తూటాలు 6 మాత్రమే. 2018లో వచ్చిన 19ఎక్స్ ఒక కలగూరగంప: 17 పిడి మీద 19 స్లైడ్ పెట్టారు. పట్టు నిండుగా ఉండాలి, ముందు భాగం పొట్టిగా ఉండాలి అనేవాళ్ల కోసం.

ఇవికాక తరాలు. మొదటి తరం నుంచి 2017లో వచ్చిన ఐదో తరం దాకా పిడి మీద గరుకుదనం మారింది, వేళ్లకు గాడులు పెట్టారు, మళ్లీ తీసేశారు, చిన్న చేతులవాళ్లకు పెద్ద చేతులవాళ్లకు సరిపోయేలా వెనక పట్టీలు మార్చుకునే వీలు పెట్టారు. ఎఫ్‌బీఐ 2016లో 17, 19 మోడళ్లలోనే తనకు కావాల్సిన మార్పులతో తీసుకుంది.

వీటన్నిటికంటే నాకు ఆసక్తిగా అనిపించింది గ్లాక్ 25. చూడ్డానికి అచ్చం 19. లోపల తూటా మాత్రం తక్కువ శక్తిది. ఎందుకంటే కొన్ని దేశాల్లో సైన్యం వాడే తూటా సైజును మామూలు జనానికి అమ్మకూడదు. ఆ చట్టం కోసమే ఒక మోడల్ పుట్టింది. ఈ పద్ధతి మన దేశంలోనూ ఉంది. ఆ సంగతి ఇంకాస్త కిందికి వెళ్తే వస్తుంది.

హైదరాబాద్‌తో చుట్టరికం

"ఇదంతా ఆస్ట్రియా, అమెరికా ముచ్చట, మనకెందుకు" అంటారేమో. పిస్టల్ తయారీ మన రాజధాని గడప దాకా వచ్చేసింది. యూఏఈలో క్యారకల్ అనే కంపెనీ ఉంది. క్యారకల్ అంటే చెవుల చివర నల్లటి కుచ్చులుండే ఎడారి పిల్లి. 2022 అక్టోబర్‌లో గుజరాత్‌లో జరిగిన డిఫెన్స్ ఎక్స్‌పోలో ఆ కంపెనీ, మేఘా గ్రూప్‌కు చెందిన హైదరాబాద్ కంపెనీ ఐకామ్ చేతులు కలిపాయి. క్యారకల్ ఆయుధాలను మన దేశంలో తయారుచేయడానికి ఒప్పందం. ఇంకో హైదరాబాద్ కంపెనీ లోకేష్ మెషీన్స్, డీఆర్‌డీఓ వాళ్లు సైన్యంతో కలిసి రూపొందించిన 'అస్మి' అనే 9 ఎంఎం మెషీన్ పిస్టల్‌ని తయారుచేస్తోంది.

క్యారకల్ కథలో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. దాని మొదటి పిస్టళ్లను గీసింది కూడా ఆస్ట్రియా ఆయనే, విల్హెల్మ్ బుబిట్స్. అక్కడా అదే వరస: ఎఫ్ అంటే పెద్దది, సీ అంటే కాంపాక్ట్, ఎస్‌సీ అంటే ఇంకా చిన్నది. బ్యారెల్ చేతికి బాగా దగ్గరగా ఉండటంతో కాల్చినప్పుడు ఎగురుడు తక్కువని మంచి పేరు వచ్చింది. 2013లో కాంపాక్ట్ మోడల్ సీని కంపెనీ వెనక్కి పిలిచింది. కింద పడితే పేలే ప్రమాదం ఉందన్నది కారణం. అదే ఏడాది ఎఫ్ మోడల్‌నీ వెనక్కి పిలవాల్సి వచ్చింది. తర్వాత మార్పులు చేసి కొత్తది తెచ్చారు. అమెరికా సైన్యం 2017లో ఎంచుకున్న పిస్టల్‌కు మూలమైన సిగ్ పీ320 విషయంలోనూ అదే ఏడాది ఇదే గొడవ వచ్చింది. ఒక కోణంలో కింద పడితే పేలుతోందని తేలాక, కొన్నవాళ్లలో కోరినవాళ్లకు కంపెనీ ట్రిగ్గర్ భాగాలు మార్చి ఇచ్చింది.

పెద్ద పెద్ద ఇంజనీర్లు, ల్యాబులు, వేల తూటాల పరీక్షలు. అంత చేసినా కింద పడితే పేలే పిస్టల్ బయటికొచ్చింది. వాళ్లకు పేరు ఉంది కాబట్టి, అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి వెనక్కి తీసుకుని బాగుచేశారు. మరి ఎక్కడో రేకుల షెడ్డులో, ఏ పైపుతో చేశారో తెలియని నాటు తపంచా సంగతేంటి? దానికి అడ్డులు లేవు, పరీక్ష లేదు, వెనక్కి పిలిచేవాడు లేడు. అది ముందుకు పేలుతుందో, పట్టుకున్నోడి చేతిలోనే పగులుతుందో చేసినవాడికే తెలియదు. మా వాడికి మెసేజ్ పెట్టినవాడు "ఒరిజినల్" అన్నది చాలావరకు ఇలాంటి సరుకునే.

రేటు చెప్తా విను అల్లుడూ

ఇప్పుడు వాడి ప్రశ్నకు వద్దాం. గ్లాక్ 19లో పట్టేది 9 ఎంఎం తూటా. మన చట్టం ప్రకారం అది నిషిద్ధ బోరు. పోలీసులకు, సైన్యానికి తప్ప మామూలు మనిషికి లైసెన్స్ మీద కూడా మామూలుగా దొరకదు. జనానికి ఇచ్చేవి పాయింట్ 32 లాంటి చిన్న బోరు పిస్టళ్లు, రివాల్వర్లు. ఇందాక గ్లాక్ 25 గురించి చెప్పుకున్న సూత్రమే.

పాయింట్ 32 లైసెన్స్ అయినా ఊరికే రాదు. 21 ఏళ్లు నిండాలి. ప్రాణానికి ముప్పు ఉందని చూపించాలి. పోలీసు విచారణ జరుగుతుంది. 2019లో చట్టం మార్చాక ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్స్ ఉన్న తుపాకీని కూడా చాలావరకు స్టేషన్‌లో జమ చేయాల్సి వస్తుంది.

లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ దగ్గర పెట్టుకుంటే తక్కువలో తక్కువ రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు. నిషిద్ధ బోరు అయితే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. పెండ్లి బరాత్‌లో సంబరంగా గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే, లైసెన్స్ ఉన్నా సరే, రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

"గ్లాక్ 19 రేటు ఏడేళ్లు రా" అన్నాను మా వాడితో. "నీకు ఇప్పుడు పందొమ్మిది. బయటికొచ్చేసరికి ఇరవై ఆరు." వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ అకౌంట్‌ని రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేశాడు. రీల్ కూడా తీసేశాడు. బొమ్మ తుపాకీ అయినా ఎవరినన్నా బెదిరించడానికి వాడితే కేసు కేసే అని కూడా చెప్పాను.

ఆడపిల్లల భద్రత పేరుతో కూడా చిన్న తుపాకీ అమ్మకానికి వచ్చింది. ఢిల్లీ ఘటన తర్వాత 2014 జనవరిలో కాన్పూర్ ఫ్యాక్టరీ నిర్భీక్ అనే పాయింట్ 32 రివాల్వర్ తెచ్చింది. హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టేలా, అరకిలో బరువు. ధర లక్షా ఇరవై వేల పైమాటే. సాయంత్రం బస్సు కోసం తొర్రూరు స్టాండ్‌లో నిలబడ్డ అమ్మాయి ఆ డబ్బు ఎక్కడ తెస్తుంది? తెచ్చినా, లైసెన్స్ వచ్చినా, రద్దీలో అది గుంజుకునేవాడి చేతిలోకి పోదన్న నమ్మకం ఏంటి? అదే ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. ఫోన్ చేస్తే వచ్చే మనిషి ఉండటం, బ్యాగులో తుపాకీ ఉండటం, ఈ రెండిట్లో దేనికి ధైర్యం వస్తుందో మా అక్కచెల్లెళ్లను అడిగితే టక్కున చెప్తారు.

కేసముద్రం బాబాయి లెక్క

మా బాబాయి ఒకాయన ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. కేసముద్రంలో ఉంటాడు. కొన్నేళ్లు గన్‌మెన్‌గా కూడా చేశాడు. ఈ కాలమ్ రాసేముందు ఆయన దగ్గరికి వెళ్లాను.

"బాబాయ్, నడుముకు పిస్టల్ ఉంటే ఎట్లుండేది?"

"ఎట్లుంటది బిడ్డా, నడుం నొప్పి ఉంటది" అన్నాడు ముందు. తర్వాత నిదానంగా చెప్పుకొచ్చాడు. "డ్యూటీ ఎక్కేటప్పుడు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌ల పిస్టల్ నంబర్ చూసుకొని సంతకం. తూటాలు ఒక్కొక్కటి లెక్కబెట్టుకొని సంతకం. దిగేటప్పుడు అప్పజెప్పి మళ్ల సంతకం. ప్రాక్టీస్‌ల కాల్చినా ఖాళీ షెల్స్ ఏరి లెక్క చెప్పాలె. ఒకటి దొరక్కపోతే గడ్డిల మోకాళ్ల మీద పాకి ఎతికేటోళ్లం. ఒక్క తూటా తక్కువైతే ఎంక్వయిరీ. ఇంట్ల ఎవ్వరికి నిద్రుండది."

బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటే పోలీసుల ఆయుధాల గది. బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన పేరు.

"బస్సుల సీటు దొరికినా కూసునేటోన్ని కాదు. పక్కోని మోచెయ్యి తగుల్తదని. పెండ్లిల్లకు పోతే పిల్లలు ఎత్తుకొమ్మని వస్తరు. కుడి దిక్కు ఎన్నడు ఎత్తుకోలే. సార్ భోజనం చేసేదాక నేను తినకపోదు. తిన్నా ఎడమ చేత్తోని పళ్లెం పట్టుకొని, గోడకు ఆనుకొని."

"ఎన్నిసార్లు కాల్చినవ్ బాబాయ్?"

"రేంజ్‌ల తప్ప ఒక్కసారి గూడ తియ్యలే. తియ్యకుంట రిటైర్ అయిన అని మీ పిన్ని ఇప్పటికి కొమురెల్లి మల్లన్నకు మొక్కుతది."

రీల్‌లో చొక్కా లేపి చూపించేవాళ్లకూ ఆయనకూ తేడా ఇదే. ఆయన మోసినన్ని రోజులూ దాన్ని ఎవరికీ కనిపించకుండా చూసుకున్నాడు. ప్రతి రోజూ ఎవరికో ఒకరికి లెక్క చెప్పాడు.

లెక్క అడిగేవాడు లేని తుపాకీ

తుపాకీకి లెక్క అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో మన జిల్లాలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1946 జులై 4న కడవెండిలో, ఇప్పుడది జనగామ జిల్లా, విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యాలకు ఎదురుగా ఊరు ఊరంతా ఊరేగింపు తీసింది. జనం చేతుల్లో కర్రలు, వడిసెలలు. గడీ దిక్కు నుంచి దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులు పేలాయి. దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. ఆ తుపాకులకు ఎవరి సంతకం ఉంది? ఎన్ని తూటాలు పేలాయని ఎవరు లెక్కబెట్టారు? ఊరే లెక్క అడగాల్సి వచ్చింది. ఆ లెక్కే సాయుధ పోరాటమైంది.

తర్వాత కూడా మన అడవి పల్లెలు రెండు వైపుల తుపాకుల మధ్య చాలా ఏళ్లు బతికాయి. గూడూరు, గంగారం, కొత్తగూడ దిక్కు పెద్దవాళ్లను అడగండి. రాత్రి తలుపు చప్పుడైతే ఎట్లుండేదో చెప్తారు. మా మానుకోట రైల్వే స్టేషన్ దగ్గర 2010 మే 28న రాళ్లతోపాటు కాల్పుల చప్పుడు కూడా విన్నది. తుపాకీ మోజు అనేది దాని చప్పుడు దగ్గర్నుంచి వినని తరానికి వచ్చే జబ్బు. వినకుండా పెరగడం మన అదృష్టం. దాన్ని ఖరాబు చేసుకోవద్దు.

పట్టుకోవాలని ఉంటే?

అంత ఇష్టం ఉంటే దారి లేకపోలేదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ తొమ్మిదేళ్లకు పిస్టల్ పట్టుకుంది. 13 ఏళ్లకు, 2018లో, సీనియర్లను దాటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక బంగారు, మూడు వెండి పతకాలు తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది.

ఆమె పట్టేది కాంపాక్ట్‌కు పూర్తిగా ఉల్టా. ఆట పిస్టల్‌ని దాచడానికి చేయరు. పిడి ఆడేవాళ్ల అరచేతి అచ్చుకు తగ్గట్టు చెక్కతో చెక్కి ఉంటుంది. ఎయిర్ పిస్టల్ 420 మి.మీ. పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో పట్టాలి, బరువు కిలోన్నర దాటకూడదు. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఆపాలి. పోటీకి ముందు ఇవన్నీ కొలిచి చూస్తారు. పది మీటర్ల దూరంలో కొట్టాల్సిన నడిమి చుక్క వెడల్పు 11.5 మి.మీ., అంటే మన చిటికెన వేలి గోరంత. అది కొట్టాలంటే ఊపిరి, గుండె చప్పుడు, వేలు మూడూ మాట వినాలి. రేంజ్‌లో కోచ్ చెప్పేదాకా గన్ ముట్టుకోవడానికి లేదు, ఎవరివైపూ తిప్పడానికి లేదు. అక్కడా ప్రతి షాట్‌కూ లెక్క ఉంటుంది. ఆ లెక్కకు పతకం వస్తుంది.

కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరండి. అక్కడ పాయింట్ 22 రైఫిల్‌తో కాల్చడం పద్ధతి ప్రకారం నేర్పిస్తారు. మా వాడిని ఇప్పుడు ఆ దారిలోనే పెట్టే ప్రయత్నం చేస్తున్నాం. పొద్దున అయిదింటికి లేవాలంటేనే ముఖం మాడుస్తున్నాడు.

చివరగా ఒక పనికొచ్చే మాట. ఎప్పుడన్నా దోస్తు గదిలోనో, పెండ్లి విడిదిలోనో ఎవరన్నా పిస్టల్ తీసి చూపిస్తే, "ఖాళీదే పట్టుకో" అని ఇస్తే, పట్టుకోకండి. సెల్ఫీ అడగకండి. అది ఖాళీదని చెప్పేవాడి మాట నమ్మకండి. ఏదో ఒక పని చెప్పి అక్కడి నుంచి లేచి వచ్చేయండి. లైసెన్స్ లేనిదని అనుమానం వస్తే 100కో, 112కో ఫోన్ చేయండి. "బెదిరిపోయినవ్ రా" అని దోస్తులు రెండ్రోజులు నవ్వుతారు. నవ్వనీయండి.